పొరుగింటి కుక్క మొరుగుతున్నప్పుడు

ఇషా నమాజు ముగిసిన తరువాత మస్జిదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నల్లో ఇటీవల ఒకటి తరచూ వినవస్తోంది. ‘పక్కింటివారు కుక్కను పెంచుతున్నారు. రాత్రంతా మొరుగుతూనే ఉంటుంది. ఏం చేయమంటారు, మౌలానా సాబ్?’ వినడానికి చిన్న విషయంగానే తోస్తుంది. కాని గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లలో పక్షవాతంతో మంచం పట్టిన వృద్ధునికి, పసిబిడ్డను అప్పుడే నిద్రపుచ్చిన తల్లికి, తెల్లవారితే పరీక్ష రాయవలసిన అమ్మాయికి అది చిన్న విషయం కాదు. రమజాన్‌లో సహెరీకి లేవవలసినవారికి ఆ మూడు నాలుగు గంటల నిద్ర కూడా దక్కదు. నెలల తరబడి నిద్ర చెడిన ఇంట్లో మాట కరుకెక్కుతుంది. ఒకనాడు ఆ మాట గోడ దాటుతుంది. వేర్వేరు మతాలవారు కలిసి ఉండే వీధిలో గోడ దాటిన మాట ఎంత దూరం పోగలదో పాఠకులకు వివరించనవసరం లేదు.

అడిగేవారిలో చాలామంది మొదట కుక్క అపవిత్రత గురించే ప్రస్తావిస్తారు. ఈ విషయంలో ఫిఖహ్ పండితుల అభిప్రాయాలు తెలిసినవే. హనఫీ మజ్‌హబ్‌లో కుక్క లాలాజలం అపవిత్రం. దాని పొడి శరీరం బట్టలకు తగిలినంత మాత్రాన బట్టలు అపవిత్రం కావు. షాఫయీ మజ్‌హబ్‌లో నియమం ఇంతకంటే కఠినం. హైదరాబాదులోని బార్కస్ వంటి ప్రాంతాల్లో ఆ మజ్‌హబ్‌ను అనుసరించే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మాలికీ పండితులు ప్రాణమున్న కుక్కను పవిత్రంగానే పరిగణించారు. అయితే గోడ అవతలి అరుపు ఎవరి వుజూనూ భంగపరచదు, ఎవరి నమాజు స్థలాన్నీ మలినం చేయదు. కాబట్టి తగవులో ‘మీ కుక్క నజిస్’ అని మొదలుపెట్టడం అసందర్భం. వేట, పశువుల కాపలా, పంటల కాపలా వంటి అవసరాలు లేకుండా కుక్కను పెంచితే పుణ్యఫలం తగ్గిపోతుందన్న హదీసు విశ్వాసులను హెచ్చరిస్తోంది. ముస్లిమేతరుడైన పొరుగువాని గుమ్మంలో నిలబడి ఆ హదీసు వినిపించడం వల్ల సమస్య పెరుగుతుందే తప్ప తీరదు.

ఇక్కడ అసలు విషయం పొరుగువారి హక్కు. సూరా నిసా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధన గురించి, తల్లిదండ్రుల గురించి చెప్పిన చోటనే బంధువైన పొరుగువానిపట్ల, బంధువు కాని పొరుగువానిపట్ల కూడా సద్వర్తన పాటించమని ఆదేశించాడు. జిబ్రయీల్ (అలై) పొరుగువారిని గురించి ఎంతగా తాకీదు చేశారంటే, వారిని ఆస్తికి వారసులుగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారట. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూద పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని మళ్లీ మళ్లీ అడిగారు. అందుకు కారణంగా ఈ హదీసునే వినిపించారు. పొరుగువాడు అన్న మాటకు ఆ మహనీయుడు ఏ అర్థం తీసుకున్నాడో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఈ హక్కు రెండు వైపులా వర్తిస్తుంది. కుక్కను కట్టేసి దాని మొరుగుడుతో వీధినంతా మేలుకొలిపేవాడు తప్పకుండా పొరుగువారిని బాధిస్తున్నాడు. అయితే ఆ బాధను భరించేవాడు ఎలా ప్రవర్తించాలి?

ఇమామ్ అబూహనీఫా (రహ్మ) జీవితంలోని ఒక ఉదంతం మాకు ఇక్కడ గుర్తుకు వస్తోంది. కూఫా నగరంలో ఆయన పొరుగున చెప్పులు కుట్టే వ్యక్తి ఒకడు ఉండేవాడు. పగలంతా పని చేసుకునేవాడు. రాత్రికి మద్యం తాగి, నిద్ర ముంచుకొచ్చేదాకా గొంతెత్తి పాడేవాడు. గోడ ఇవతల ఇమామ్‌గారు రాత్రి నమాజులో నిలబడి ఉండేవారు. పాట ప్రతి రాత్రీ వినిపిస్తూనే ఉండేది. ఒక రాత్రి అది వినిపించలేదు. మనమైతే ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని దుప్పటి కప్పుకొని పడుకునేవాళ్లం! ఆయన మాత్రం ఆరా తీశారు. రాత్రి గస్తీవారు పట్టుకొని చెరలో వేశారని తెలిసింది. ఫజ్ర్ నమాజు చేసి, వాహనమెక్కి నేరుగా పాలకుని దగ్గరకు వెళ్లి అతణ్ణి విడుదల చేయమని సిఫారసు చేశారు. ఇమామ్‌గారి మీది గౌరవంతో పాలకుడు ఆ రాత్రి పట్టుబడినవారందరినీ వదిలిపెట్టాడు. తిరుగు దారిలో ఇమామ్‌గారు ఆ యువకుణ్ణి అడిగిన మాట ఒక్కటే: మేము నిన్ను పట్టించుకోకుండా వదిలేశామా? ఆ తరువాత అతను మద్యం మానేశాడని చరిత్రకారులు రాశారు. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టేటంత కాలం ఆ గోలను ఆయన భరించారన్నది మమ్మల్ని ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం. మనలో ఎంతమందికి పక్కింటి కుక్క యజమాని పేరైనా తెలుసు?

ఇక కుక్క సంగతి. దానికి మనమీద పగ లేదు. పగలంతా మూరెడు గొలుసుకు కట్టి, యజమాని కుటుంబం పనులకు, బడులకు వెళ్లిపోతే అది ఒంటరితనంతో మొరుగుతుంది. గిన్నెలో నీళ్లు అయిపోతే, ఎండ మీద పడితే, ఒంట్లో నొప్పి ఉంటే మొరుగుతుంది. మనిషి చెవికి అందని ధ్వనులు కూడా దానికి వినిపిస్తాయి. గేటు కమ్మీల్లోంచి దారిన పోయే ప్రతి మనిషీ కనిపిస్తుంటే ఊరుకోదు. గేటుకు లోపలివైపు ఒక రేకో, పాత పరదానో కట్టినా, రాత్రిపూట వీధి వైపు నుంచి పెరటిలోకి మార్చినా, రోజుకు రెండుసార్లు బయట తిప్పి తెచ్చినా చాలా ఇళ్లలో సగం గొడవ తగ్గుతుంది. దాహంతో నాలుక చాచి మట్టి నాకుతున్న కుక్కకు తన మేజోడుతో బావినీళ్లు తోడి పోసిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు మన పిల్లలకు కంఠతా వచ్చు. గుహవాసుల గుమ్మం దగ్గర ముంగాళ్లు చాచి పడుకున్న కుక్కను సూరా కహఫ్ ప్రస్తావించింది. పక్కింటి కుక్క కూడా ఆ జాతిదే.

మరొక మాట. కుక్క ఏడిస్తే ఇంటికి కీడని, ఎవరో పోతారని మన ఇళ్లలోని పెద్దలు కూడా అంటుంటారు. అపశకునాల నమ్మకానికి ఇస్లాంలో తావు లేదు. రాత్రివేళ కుక్కల అరుపు వినిపిస్తే అల్లాహ్ శరణు వేడమని దైవప్రవక్త (స) నేర్పారు. శరణు వేడి పడుకోవాలి గాని, రాయి పట్టుకొని డాబా ఎక్కకూడదు.

మా ఎరుకలోని ఒక కుటుంబం ఇదే ఇబ్బంది పడింది. అర్ధరాత్రి రెండు గంటలకు ఇంటి పెద్ద కొడుకు గేటు దగ్గర నిలబడి కేకలు వేశాడు. అవతలివారు ‘మీ మైకు సంగతి ఏమిటి?’ అని తిరిగి కేకలు వేశారు. మూడు నెలలు మాటల్లేవు. చివరికి ఆ ఇంటి కోడలు ఈద్ మరునాడు షీర్ ఖుర్మా గిన్నెతో వెళ్లి, ‘అక్కా, మా మామయ్యకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రాత్రిపూట దాన్ని కాస్త వెనకవైపు కట్టేయమని అన్నయ్యగారికి చెప్తారా?’ అని అడిగింది. ఆ ఇల్లాలికి మామయ్య జబ్బు సంగతే తెలియదట. ఆ రాత్రే కుక్కను పెరట్లో కట్టారు. పాలవాడు వచ్చినప్పుడు ఇప్పటికీ మొరుగుతుంది. ఆ వేళకు వీరందరూ ఫజ్ర్‌కు లేచే ఉంటారు.

మైకు మాట తీసిపారేయదగినది కాదు. శబ్ద కాలుష్య నియమాల (2000) ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. సహెరీ వేళ గంటసేపు మైకులో పిలుపులు, వలీమా రాత్రి డీజే పాటలు మన వీధుల్లోనూ ఉన్నాయి. పొరుగువారి దగ్గరకు వెళ్లేముందు వాటిని సరిదిద్దుకుంటే మన మాటకు బరువు వస్తుంది.

ఒకరిద్దరు గొంతు తగ్గించి అన్నంలో ఏదైనా కలిపి పెట్టడం గురించి కూడా అడిగారు. అది హరామ్. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందని హదీసులో ఉంది. విషం పెట్టి చంపడం దానికి తీసిపోతుందా? భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టినా, చంపినా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఎన్నిసార్లు మర్యాదగా చెప్పినా వినకపోతే? ఒక వ్యక్తి తన పొరుగువాని బాధల గురించి దైవప్రవక్త (స)కు మొరపెట్టుకున్నప్పుడు, ఓర్పు వహించమని చెప్పి పంపించారు. అతను మళ్లీ వచ్చాక, ఇంటి సామాను తీసి దారిలో పెట్టుకోమన్నారు. దారిన పోయేవారు కారణం అడిగి, బాధించేవాణ్ణి తిట్టిపోయసాగారు. అతను పరుగున వచ్చి, ఇక బాధించను, సామాను లోపల పెట్టుకోమని బతిమాలాడు. అబూదావూద్‌లోని ఈ హదీసు ప్రకారం మొదట ఓర్పు, ఆపైన సమాజం ముందు పెట్టడం. నేటి కాలంలో వీధి పెద్దలు, అపార్టుమెంటు సంఘం, మునిసిపల్ కార్యాలయం ఆ స్థానంలో ఉన్నాయి. హైదరాబాదులో పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీ లైసెన్సు తప్పనిసరి. అంతకూ వినకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏ తేదీన, ఏ సమయంలో, ఎంతసేపు మొరిగిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. దరఖాస్తులో కుక్క మొరుగుడు, రోగి అనారోగ్యం గురించి మాత్రమే రాయాలి. మతం ఊసు రానివ్వకూడదు. వీలైతే అదే వీధిలోని ముస్లిమేతర కుటుంబాలవారి సంతకాలు కూడా తీసుకోవాలి. వారి నిద్ర కూడా చెడుతూనే ఉంటుంది కదా.