వరద నీట మునిగిన కారు – బీమా పరిహారం



2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, ఆ పరిసర కాలనీలను ముంచెత్తింది. కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి కదలలేదు. ఇళ్ల ముందు నిలిపిన కార్లు, ఆటోలు, స్కూటర్లు ఆ నీళ్లలోనే ఉండిపోయాయి. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాదు, 2015 డిసెంబరులో చెన్నై ఇదే అనుభవాన్ని చవిచూశాయి. 2005 జూలై 26న ముంబై శాంతాక్రజ్ కేంద్రంలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన నమోదైనప్పుడు, ఎన్నో కార్లు రోడ్ల మీదే మునిగిపోయాయి.

నీరు తీసిన తర్వాత ఎవరికైనా మొదట తోచే పని ఒకటుంది. తాళం తిప్పి, బండి స్టార్ట్ అవుతుందో లేదో చూడడం. వేలల్లో తేలిపోవలసిన నష్టం లక్షల్లోకి వెళ్లేదీ, బీమా కంపెనీ “ఇది మా బాధ్యత కాదు” అనే అవకాశం కలిగేదీ తరచుగా ఆ ఒక్క పని వల్లనే. అలా ఎందుకు జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కారు కొనే రోజు మీకింకా చాలా దూరంలో ఉందని మీరనుకోవచ్చు. కానీ మన ఇళ్లలో బీమా పాలసీ కాగితం ఎక్కువగా ఇంగ్లిషులో, సన్నని అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివి ఇంట్లో పెద్దవాళ్లకు విడమరచి చెప్పవలసింది చాలాసార్లు మీరే.

ఇంజిన్‌లోకి నీరు వెళితే

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. 1200 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క సిలిండర్‌లో పిస్టన్ కింది నుంచి పైకి కదిలినప్పుడు 300 ఘన సెంటీమీటర్ల స్థలాన్ని ఊడ్చుకుంటూ వెళుతుంది. సంపీడన నిష్పత్తి 10 అయితే, పిస్టన్ పై అంచుకు చేరిన తర్వాత మిగిలే ఖాళీ 300ను 9తో భాగిస్తే వస్తుంది. అంటే సుమారు 33 ఘన సెంటీమీటర్లు. పెద్ద చెంచాతో రెండు చెంచాల నీటికంటే కాస్త ఎక్కువ, అంతే!

గాలిని ఆ కాస్త చోటులోకి నొక్కవచ్చు. నీటిని నొక్కడం సాధ్యం కాదని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. కాబట్టి సిలిండర్‌లో ఆ రెండు చెంచాలకు మించి నీరుంటే, పైకి వస్తున్న పిస్టన్ దారిలోనే ఆగిపోతుంది. కింద క్రాంక్ షాఫ్ట్ మాత్రం దాన్ని ఇంకా తోస్తూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ గోడను పగలగొడుతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. డీజిల్ ఇంజిన్‌లో సంపీడన నిష్పత్తి ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ మిగిలే ఖాళీ ఇంకా తక్కువ.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నిలిపి ఉన్న కారులోకి నీరు చేరినంత మాత్రాన రాడ్ వంగదు. వంగాలంటే ఇంజిన్ తిరగాలి. తిప్పకుండా ఉంచితే మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి నీటిని బయటికి పంపి, ఆయిల్ మార్చి, చాలా సందర్భాల్లో ఆ ఇంజిన్‌ను కాపాడగలడు.

విద్యుత్ భాగాల సంగతీ ఇంతే. నేటి కార్లలో సీట్ల కింద, కార్పెట్ కింద, డాష్‌బోర్డు వెనక వైర్లు, కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. తడిసిన కనెక్టర్లను ఆరబెట్టి శుభ్రం చేయవచ్చు. తడిగా ఉండగానే వాటిలోకి విద్యుత్తు పంపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకే ఇంజిన్ సంగతి అటుంచి, తాళాన్ని ‘ఆన్’ దాకా తిప్పడం కూడా మంచిది కాదు.

విద్యుత్ కార్లలో ఇంజిన్ లేదు కాబట్టి ఈ బెడద లేదని కొందరంటారు. అక్కడి ప్రమాదం వేరు. బ్యాటరీ పెట్టెల మీద తరచుగా కనిపించే ఐపీ 67 అనే గుర్తుకు అర్థం, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల పరీక్షకు తట్టుకుందని. రెండు రోజులు మునిగి ఉన్నా ఏమీ కాదని దాని అర్థం కాదు. నారింజ రంగు తొడుగున్న తీగలు అధిక వోల్టేజీవి. వాటిని ముట్టుకోకండి. మునిగిన విద్యుత్ కారును ఛార్జింగుకు పెట్టకండి, ఇంటికి ఆనించి నిలపకండి.

మరో లెక్క. ఇది డబ్బుకు కాదు, ప్రాణానికి సంబంధించినది. వెయ్యి కిలోల చిన్న కారు అడుగు భాగం వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు అనుకుందాం. కారు అడుగుభాగాన్ని తాకాక నీరు మరో 20 సెంటీమీటర్లు పెరిగితే కారు తొలగించే నీటి ఘనపరిమాణం ఒక ఘనమీటరు. దాని బరువు వెయ్యి కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం కారు తేలడం మొదలవుతుంది. నేల నుంచి కారు అడుగుకు 17 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, మొత్తం 37 సెంటీమీటర్లు. అంటే మోకాలి లోతు కూడా లేదు. తేలిన కారుకు బ్రేకులూ స్టీరింగూ పనిచేయవు. పారే నీటిలోకి, రైల్వే వంతెన కింది నీటిలోకి కారు దించవద్దని చెప్పేది ఇందుకే.

పాలసీ ఏమి చెబుతుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది మన వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి మాత్రమే. మన కారు మునిగితే ఆ పాలసీ కింద ఒక్క రూపాయి కూడా రాదు. మన కారుకు పరిహారం రావాలంటే ‘ఓన్ డ్యామేజ్’ భాగం కూడా ఉన్న సమగ్ర పాలసీ కావాలి. దాంట్లో అగ్నిప్రమాదం, దొంగతనం, భూకంపంతో పాటు వరద, తుపాను, నీటి ముంపు కూడా ఉంటాయి.

ఇక్కడ చాలా కుటుంబాలు పొరబడే చోటు ఒకటుంది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొన్నప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తీసుకోవాలి. షోరూములో ఇచ్చే కాగితం మీద ‘మూడేళ్లు’ అని కనబడుతుంది. దాంతోపాటు ఓన్ డ్యామేజ్ సాధారణంగా మొదటి ఒక్క ఏడాదికే ఇస్తారు. రెండో ఏడాది దాన్ని విడిగా పునరుద్ధరించాలి. ఆ సంగతి గమనించకపోతే, మూడేళ్ల పాలసీ చేతిలో ఉండగానే వరద నష్టానికి దిక్కు లేకుండా పోతుంది. మీ ఇంటి పాలసీలో ఈ రెండు భాగాల ముగింపు తేదీలు విడివిడిగా ఉంటాయి. ఈ పాఠం చదివాక ముందు ఆ రెండు తేదీలు చూడండి.

సరే, సమగ్ర పాలసీ ఉంది. అయినా క్లెయిమ్ ఎందుకు తిరస్కరిస్తారు? ప్రామాణిక పాలసీలో రెండు మాటలున్నాయి. ఒకటి, అసలు నష్టం తర్వాత దాని పర్యవసానంగా వచ్చే నష్టానికి, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యానికి పరిహారం ఇవ్వరు. రెండు, ప్రమాదం తర్వాత నష్టం పెరగకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలి. మరమ్మతు చేయించకుండా బండి నడిపితే, ఆపైన వచ్చే నష్టం యజమానిదే. వరద వల్ల సీట్లు, వైర్లు పాడైతే అది నీరు చేసిన పని. తాళం తిప్పినందువల్ల రాడ్ వంగితే అది మనిషి చేసిన పని అని కంపెనీ వాదిస్తుంది.

నిలిపి ఉన్న కారు విషయంలో ఈ తేడా న్యాయమైనదే అని నాకనిపిస్తుంది. నడుస్తున్న కారు చుట్టూ అకస్మాత్తుగా నీరు పెరిగి ఇంజిన్ ఆగిపోయినప్పుడు మాత్రం అదే మాటను డ్రైవరుకు వర్తింపజేయడం కటువు. అటువంటి సందర్భంలో తిరస్కరణ లేఖ వచ్చినంత మాత్రాన ఊరుకోనక్కరలేదు.

ఈ లోటు పూడ్చడానికి ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ వంటి పేర్లతో అదనపు రక్షణ అమ్ముతున్నారు. కొంత ప్రీమియం ఎక్కువ. సాధారణంగా కారు వయసు కొన్నేళ్లు దాటితే ఇవ్వరు. షరతులు కంపెనీని బట్టి మారతాయి. నదికో, చెరువుకో, పల్లపు కాలనీకో దగ్గరగా ఉండేవారికి ఇది పనికొచ్చే ఖర్చు. మూడో అంతస్తు పార్కింగులో కారు నిలిపేవారు కాస్త ఆలోచించి తీసుకోవచ్చు.

నీరు తీశాక

కారు కడగకండి. ముందు ఫొటోలు తీయండి. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో బురద చార చెబుతుంది. ఆ చార, నంబరు ప్లేటు, లోపలి సీట్లు, ఇంటి పరిసరాలు కనబడేలా తీయాలి. ఇంకా నీరుండగానే మేడ మీద నుంచి తీసిన ఫొటో ఉంటే మరీ మంచిది. తర్వాత కంపెనీకి ఫోను చేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. పాలసీ ‘వెంటనే తెలియజేయాలి’ అంటుంది. కరెంటు, ఫోను లేక ఆలస్యమైతే ఆ కారణాన్ని కాగితం మీద పెట్టండి. పెట్రోలు, డీజిల్ కారయితే, నీరు పూర్తిగా తీసిన తర్వాత, తెలిసినవారి చేత బ్యాటరీ నెగటివ్ వైరు తీయించవచ్చు.

కారును మరో బండికి తాడు కట్టి లాగించవద్దు. గేరులో ఉంటే చక్రాలతో పాటు ఇంజిన్ కూడా తిరుగుతుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే వాహనం మీద వర్క్‌షాపుకు పంపాలి. ప్రామాణిక పాలసీలో ఈ తరలింపు ఖర్చు కింద 1500 రూపాయల వరకే ఇస్తారు. అక్కడ సర్వేయర్ వచ్చి చూసేదాకా భాగాలు విప్పనివ్వకండి. సర్వేయర్‌ను కంపెనీయే నియమిస్తుంది, మనం ఆయనకు రుసుము చెల్లించనక్కరలేదు. కారులో మరచిపోయిన లాప్‌టాప్, సూట్‌కేసు ఈ పాలసీలోకి రావు.

బిల్లు మొత్తం ఎందుకు రాదు అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. మూడున్నరేళ్ల కారుకు 1,20,000 రూపాయల బిల్లు వచ్చిందనుకోండి. పన్నులు పక్కన పెడదాం. మజూరీ 30,000. ఇది పూర్తిగా వస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ కలిపి 30,000. వీటికి సగం తరుగు, అంటే వచ్చేది 15,000. మిగిలిన భాగాలు 60,000. మూడు, నాలుగేళ్ల మధ్య వయసున్న కారుకు వీటి మీద తరుగు 25 శాతం కాబట్టి వచ్చేది 45,000. మొత్తం 90,000. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. చేతికి 89,000. మిగిలిన 31,000 మనమే భరించాలి. తరుగు లేని ‘జీరో డిప్రిసియేషన్’ తీసుకుని ఉంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

మరమ్మతు ఖర్చు మరీ ఎక్కువైతే? పాలసీలో ఐడీవీ అనే అంకె ఉంటుంది. అది కారుకు బీమా కట్టిన విలువ. పాలసీ మొదలయ్యేనాటికి మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండని కారుకు సాధారణంగా అప్పటి అమ్మకపు ధరలో 40 శాతం తగ్గించి ఈ విలువ కడతారు. ధర 8 లక్షలయితే ఐడీవీ 4,80,000. మరమ్మతు దానిలో 75 శాతం, అంటే 3,60,000 దాటితే కారు పూర్తిగా నష్టపోయినట్లు లెక్కించి ఐడీవీ మేరకు పరిహారం ఇస్తారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని తక్కువగా రాయించుకున్నవారు ఆ రోజున నష్టపోతారు.

నష్టం చిన్నదైతే క్లెయిమ్ చేయకపోవడమే లాభం కావచ్చు. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే ‘నో క్లెయిమ్ బోనస్’ ఒక్క క్లెయిమ్‌తో సాధారణంగా సున్నాకు వస్తుంది.

కంపెనీ తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. పాలసీలోని ఏ షరతు ప్రకారమో రాయమనండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. దీనికి ఏడాది గడువుంది. తెలుగువారికి అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా ఆ నగరంలోనే. దాని ఫిర్యాదుల ఉచిత ఫోను నంబరు 155255. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు.

చివరగా పాత కారు కొనేవారి గురించి రెండు మాటలు. వరదలో మునిగిన కార్లు తుడిచి మెరుగుపెట్టి వేరే ఊళ్లో అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మామూలుగా బయటికి రాని ఆ కొసన మట్టి చార దొరకవచ్చు. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున ముక్క వాసన కూడా చూడాలి. కొన్న తర్వాత 14 రోజుల్లోగా పాలసీని మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం దానంతటదే కొత్త యజమానికి బదిలీ అవుతుంది, ఓన్ డ్యామేజ్ భాగం అలా కాదు. పాత యజమాని పేరుతోనే పాలసీ ఉండగా వరద వస్తే, కారు ఒకరిది, కాగితం మరొకరిది అవుతుంది.