కొత్త ఈ-మెయిలుకు పరపతి

ద్వీపవాసులకు ఉత్తరం విలువను ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. విశాఖపట్నం నుండో, చెన్నై నుండో ఓడ వస్తే గాని కబురు తెలియని కాలం ఒకటుండేది. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ సముద్రగర్భ కేబులును ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఈ కేబులు చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోనూ, ఇతర దీవులతోనూ కలిపింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ పట్టణానికి చేరువలోని మన ప్రోతరాపూర్ నుండి పంపిన జాబు నేడు క్షణాలలో సముద్రం దాటుతున్నది. అయితే జాబు సముద్రం దాటడం వేరు, చదువరి కంటబడటం వేరు.

ప్రోతరాపూర్‌లో మన ఉద్యోగి కుటుంబమొకటి యాత్రికులకు రెండు గదులు అద్దెకిస్తూ, సొంత డొమైన్ పేరున ఈ-మెయిల్ ఖాతా తెరిచిందనుకుందాము. తొలినాడే ఎక్కడెక్కడివో వెయ్యి చిరునామాలు సేకరించి ఒకే ప్రకటన పంపింది. అవన్నీ స్పామ్‌లో పడ్డాయి. నష్టం అంతటితో ఆగలేదు. మరునాడు గది కోరిన హైదరాబాదు యాత్రికునికి పంపిన అంగీకార పత్రం సైతం అందులోనే చేరింది. జవాబు రాలేదని ఆయన వేరొకచోట బస చూసుకున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటే ఇదే!

కొత్తగా ఖాతా తెరిచినవారికి బ్యాంకు తొలినాడే పెద్ద అప్పు ఇవ్వదు. మెయిల్ సంస్థల తీరూ అంతే. ఎన్ని జాబులు వెళ్తున్నాయి, ఎన్ని తిరిగి వస్తున్నాయి, ఎందరు స్పామ్ అని ఫిర్యాదు చేస్తున్నారు అన్నవి గమనించి పరపతిని నిర్ణయిస్తాయి. ఆ పరపతిని క్రమంగా సంపాదించుకోవడాన్నే ‘వార్మప్’ అంటారు.

సొంత డొమైన్ గలవారు ముందుగా మూడు ఏర్పాట్లు చేసుకోవాలి. మన పేరున జాబులు పంపే అధికారం ఏ సర్వర్లకున్నదో తెలిపేది ఎస్‌పీఎఫ్. జాబుపై వేసే డిజిటల్ ముద్ర డీకిమ్. ఈ పరీక్షలలో నెగ్గని జాబును ఏమి చేయాలో చెప్పేది డీమార్క్. రోజుకు 5,000కు పైగా జాబులు పంపేవారికి ఈ మూడింటినీ జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుండి తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరరాదన్నది. చిన్నవారికీ ఇవి మేలే చేస్తాయి.

ఇక వార్మప్‌కు రెండు మార్గాలున్నాయి. మొదటిది, రుసుము తీసుకొని యంత్రాలతో చేయించే సేవ. అందులో చేరిన ఖాతాలు ఒకదాని జాబులను మరొకటి తెరుస్తూ, బదులిస్తూ, చదువరులున్నట్లు కనబరుస్తాయి. ఇది నటన. పైగా మన ఖాతా తాళంచెవిని పరుల చేతికివ్వవలసి వస్తుంది. అసలు గ్రహీతలు స్పామ్ అని నొక్కిన నాడు ఈ నటన కాపాడదు.

రెండవది స్వయంకృషి. తొలివారం రోజుకు పది జాబులకు మించకుండా శ్రీకాకుళం, విశాఖలలోని బంధుమిత్రులకూ, లోగడ బస చేసిన అతిథులకూ నిజమైన విషయమే వ్రాయాలి, బదులు కోరాలి. స్పామ్‌లో కనబడితే ‘స్పామ్ కాదు’ అని గుర్తించమనాలి. ఆపైన కొద్దికొద్దిగా పెంచుతూ, ఫిర్యాదులు వచ్చినా, జాబులు తిరిగివచ్చినా వెనుకకు తగ్గాలి. కొన్న చిరునామాలను తాకరాదు.

మేము ఈ రెండవ మార్గాన్నే సూచిస్తున్నాము. రోజుకు పదిమందికి వ్రాసే కుటుంబానికి రుసుము చెల్లించే సేవతో పనిలేదు. సక్రమమైన వాడుకే దానికి వార్మప్. ఖాతా పరపతి కుదురుకునే వరకు గది ఖాయమైన సంగతిని అతిథికి ఫోనులోనూ చెప్పండి. ఆ ఒక్క మాటతో వచ్చే అతిథి దక్కుతారు.