మేధోవైకల్యము గల విద్యార్థులు - కళాశాల జీవితమునకు సన్నాహము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కళాశాలలో ప్రవేశముల బల్ల వద్ద మేము కూర్చుండియుండగా, సముద్రతీర గ్రామము నుండి ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ బాలుడు పదవ తరగతి గట్టెక్కినాడు. "నిదానంగా నేర్చుకుంటాడయ్యా. గొడవ చెయ్యడు. కూచోనిస్తే చాలు" అని ఆమె వేడుకొన్నది. మేము దరఖాస్తునైనను తెరచి చూడక "ఇక్కడ కష్టమమ్మా" అని పంపివేసితిమి. ఆనాడు మాకు చట్టము తెలియదు. ఆ బాలుని గూర్చి బొత్తిగా తెలియదు. ఆ బాలుని ఒక్క మాటయైనను అడుగకుంటిమి. ఆ తప్పిదమే ఈ వ్యాసమునకు మూలము.

మేధోవైకల్యమనగా నేమి? ఆలోచించుట, నేర్చుకొనుట, సమస్యలను పరిష్కరించుకొనుట యందును, డబ్బు, కాలము, ప్రయాణము, సంభాషణ మొదలగు నిత్యజీవిత నైపుణ్యముల యందును ఎదిగే వయస్సులోనే కనబడు గణనీయమైన పరిమితి. పూర్వము దీనిని బుద్ధిమాంద్యమనెడివారు. ఇది మానసిక వ్యాధి కాదు. గాలి సోకుట కాదు. తల్లిదండ్రుల పాపఫలము అసలే కాదు. కొందరిలో డౌన్ సిండ్రోము వలన, అనగా 21వ క్రోమోజోము ఒకటి అధికముగా నుండుట వలన, కలుగును. కొందరిలో ప్రసవ సమయమున బిడ్డకు ప్రాణవాయువు అందకపోవుట, గర్భిణికి అయొడిను కొరవడుట, శైశవములో మెదడువాపు కారణములగును. పెక్కుమందిలో కారణమే తెలియదు. మందులతో నయమగునది కాదు గాని, తగిన శిక్షణతో నేర్పు పెరుగును. వీరిలో అధిక సంఖ్యాకులది స్వల్పస్థాయి వైకల్యమే యను సంగతి గమనింపదగినది.

మన దేశమున 1984లో సికింద్రాబాదు మనోవికాసనగరులో వీరి కొరకై జాతీయ సంస్థ వెలసినది. దాని ఆధ్వర్యవముననే నేడు మన నెల్లూరులో ప్రాంతీయ కేంద్రము పనిచేయుచున్నది. 1995 నాటి చట్టము తరువాత, మరింత విస్తృతమైన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. అది గుర్తించిన 21 వైకల్యములలో మేధోవైకల్యమొకటి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతమునకు తక్కువ గాని వైకల్యము గలవారికి 5 శాతము సీట్లు కేటాయింపవలెననియు, గరిష్ఠ వయస్సులో ఐదేండ్ల సడలింపు నీయవలెననియు ఆ చట్టపు 32వ సెక్షను చెప్పుచున్నది. వ్రాయుటకు ఇబ్బందిగల వికలాంగ అభ్యర్థులకు సహాయ లేఖకుని సౌకర్యము, గంటకు 20 నిమిషములకు తగ్గని అదనపు కాలము ఉండవలెనని 2018లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది.

అయితే ఒక సత్యమును దాచరాదు. సీటు దొరకినంత మాత్రమున పట్టా దొరకదు. అందరును డిగ్రీ పరీక్షలో నెగ్గుదురని తల్లిదండ్రులకు ఆశ చూపుట కూడ అన్యాయమే. కాని పట్టాయే కళాశాల సర్వస్వమా? కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయము 1987లోనే ఇట్టి యువకులను తోటివారితో తరగతులలో కూర్చుండబెట్టు ప్రయత్నమును ప్రారంభించినది. 2008లో అమెరికా ఒక చట్టము ద్వారా ఇట్టి విద్యార్థులకు ప్రభుత్వ ధనసహాయము లభించుటకు మార్గమేర్పరచినది. తగ్గించిన పాఠము, స్నేహితులు, ఏదో ఒక పనిలో అనుభవము - ఇవే అచ్చటి గురి.

సన్నాహము ప్రవేశమునకు ఎంతో ముందుగనే ఇంటి నుండి మొదలు కావలెను. ఒక ఉదాహరణము చూతము. మైపాడు నుండి నెల్లూరికి బస్సులో వచ్చుట మనకు ఒక్క పని. ఈ విద్యార్థికి అది పది పనులు: వేళకు బయలుదేరుట, బోర్డు గుర్తించుట, ఎక్కుట, దిగవలసిన ఊరు చెప్పుట, డబ్బిచ్చుట, చిల్లర లెక్క చూచుకొనుట, స్థలము గుర్తించి దిగుట, రోడ్డు దాటుట, దారి తప్పిన ఎవరిని అడుగవలెనో తెలియుట, తిరుగు బస్సు పట్టుట. ఒక్కొక్క మెట్టును విడిగా, పలుమార్లు, నిజమైన బస్సులోనే నేర్పవలెను. మొదట తల్లి ప్రక్కన కూర్చుండును. తరువాత వెనుక సీటునకు మారును. పిదప స్టాపులో ఎదురుచూచును. సహాయమును మెల్లమెల్లగా తగ్గించుటయే ఇందలి కిటుకు.

తరగతిలోను పద్ధతి ఇదియే. ఒకసారి ఒక సూచనయే చెప్పవలెను. పాఠసారమును చిన్న వాక్యములలో అరపుటకు మించకుండ వ్రాసి ఈయవలెను. చిత్రమునైనను వస్తువునైనను చూపవలెను. "అర్థమయిందా?" అని అడిగిన అందరును తలయూపుదురు, కావున "నీవు చెప్పుము" అని అడుగవలెను. పదునెనిమిదేండ్లు నిండినవానితో పసివానితో వలె మాటలాడరాదు. అతని విషయమును అతనినే అడుగవలెను.

విద్యార్థి మిత్రులారా, కష్టమైన భాగము మీ చేతిలోనే ఉన్నది. ఇట్టివారిని పురికొల్పి నవ్వులపాలు చేయుట, క్యాంటీనులో వారి డబ్బుతో తినుట మేమెరుగని సంగతులు కావు. వారికి కావలసినది జాలి కాదు. మధ్యాహ్నము అన్నము తినునప్పుడు ప్రక్కన ఒక మనిషి. "వద్దు" అని చెప్పుటకు వారికి గల హక్కును మనము నేర్పవలెను, మన్నింపవలెను.

ఖురానులోని 80వ అధ్యాయమగు "అబస" నేపథ్యము మనలో పెక్కుమందికి తెలిసినదే. ఖురైషు పెద్దలతో మాటలాడుచున్న ప్రవక్త వద్దకు అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూము జ్ఞానము కోరి వచ్చినప్పుడు ఆయన నుదురు చిట్లించి ముఖము త్రిప్పుకొనగా, దైవము మందలించెను. అటుపిమ్మట ప్రవక్త ఆయనను ఎంతయో గౌరవించెను. ప్రవేశముల బల్ల వద్ద కూర్చుండు ప్రతివాడును ఈ వృత్తాంతమును తలచుకొనదగును.

కమిటీ పెద్దలకు మా మనవి నాలుగు మాటలు. దరఖాస్తు ఫారములో వైకల్యము, కావలసిన సహాయము తెలుపుటకు ఒక గడి చేర్చుడు. ఒక అధ్యాపకునికి నెల్లూరు ప్రాంతీయ కేంద్రము వారి సలహాతో శిక్షణ నిప్పింపుడు. కళాశాల తెరచుటకు రెండు వారముల ముందు ఈ విద్యార్థులను పిలిచి గదులు, గ్రంథాలయము, నీళ్ళ కుళాయి చూపింపుడు. ఒక్కొక్కరికి ఇద్దరేసి తోడు విద్యార్థులను నియమింపుడు. ఇందులో పెద్ద ఖర్చుతో కూడిన పని ఒక్కటియు లేదు.

ఏటేట ముహర్రము నెలలో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా చెంత, మతభేదము లేక తల్లులు తమ బిడ్డల కొరకై చదువు రొట్టె పట్టుదురు. కోరిక నెరవేరినవారు మరునాటి ఏడు రొట్టె ఇత్తురు. ఆనాడు మేము పంపివేసిన తల్లి కూడ ఏదో ఒక ఏట ఆ నీటిలో నిలిచి రొట్టె అందుకొన్నదేమో. ఆమె తిరిగి ఇచ్చు దినము రావలెనన్న, మొదట మన తలుపు తెరచియుండవలెను.