పిలువని పేరంటము
నేరేడ్‌మెట్‌లో ఇంటి వెనుకనున్న రేకుల షెడ్డులో నెవడైన నొక నూతన సాధనమును కల్పించి, దాని మర్మమంతయు లేఖగా వ్రాసి మహాసంస్థకు పంపినచో, అది తఱచుగా చదువబడకయే తిరిగివచ్చును. గర్వముచేతఁ గాదు, సంస్థవారును రహస్యముగా నట్టి పనియందే యున్నయెడల రేపు చౌర్యారోపణము వచ్చునను భీతిచేత. కేవలమైన యూహకుఁ బేటెంటు లేదు. కనుక లేఖ పంపుటకు ముందుగాఁ జెన్నై పేటెంటు కార్యాలయమునఁ దాత్కాలిక వివరణపత్రము దాఖలు చేసినచో, సంపూర్ణపత్రమునకు 12 నెలల గడువు లభించును.

ఇతరులకుఁ బంపక తానే తయారుచేయు మార్గమును గలదు. ఆలేరు ప్రాంతపు నేతగాఁడు చింతకింది మల్లేశము, ఆసు పోయుటకై, అనఁగా నేతకు ముందు నూలును మేకుల చుట్టుఁ జుట్టుటకై, వేలమార్లు చేయి త్రిప్పెడి తల్లి భుజముల బాధ చూడఁజాలక, 1999లో యంత్రమును నిర్మించి, తానే తయారుచేసి తోటి నేతగాండ్ర కందించెను. 2017లోఁ బద్మశ్రీ యాతనికి వచ్చెను. యంత్రమునకు మాత్రము తల్లి పేరే: లక్ష్మీ ఆసుయంత్రము.