గడప దాటితే హక్కు పోతుందా?

"ఎన్ని దెబ్బలు తిన్నా అక్కడే ఉండాలమ్మా. నువ్వు గడప దాటావంటే ఇల్లూ పోతుంది, భరణమూ రాదు, రేపు కోర్టులో నీదే తప్పంటారు." పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన ఈ మాట అనకుండా లేవడు. చట్టం పుస్తకం అట్ట కూడా చూసి ఉండడు, కానీ ధీమాకు లోటు లేదు. అది నమ్మిన కన్నవాళ్లు వాతలు తేలిన కూతుర్ని మళ్లీ బస్సెక్కిస్తారు. ఈ పుకారు వల్ల లాభపడేది కొట్టేవాడొక్కడే.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. గతంలో ఎప్పుడో కలిసి ఉన్నా సరే, ఆ చట్టం కింద కోర్టుకు వెళ్లవచ్చు. 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా అందులో నివసించే హక్కు ఆమెకుంది. 'ఇల్లు మా అత్తగారిది, మా ఆయనది కాదు' అనే బెరుకుకూ ఒక కథ ఉంది. 2006 చివర్లో సుప్రీంకోర్టు, అత్తగారి పేరిట ఉన్న ఇంట్లో కోడలికి నివాస హక్కు లేదనే తీర్పే ఇచ్చింది. దాన్ని పట్టుకుని పద్నాలుగేళ్లు కోడళ్లను బయటికి నెట్టారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహుజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అది తప్పని తేల్చింది. అత్తమామలు వృద్ధులైతే వాళ్ల ప్రశాంతతనూ కోర్టు చూస్తుంది, అవసరమైతే ఆమెకు వేరే ఇల్లు చూపించమనో అద్దె కట్టమనో ఆదేశిస్తుంది. ఎలా చూసినా ఆమెను వీధిన పడేయమని మాత్రం చట్టంలో లేదు. ఆ ఇంట్లో అసలు కాపురమే చేయనివ్వకపోయినా నివాస హక్కు ఉంటుందని 2022లో ప్రభా త్యాగి కేసులో చెప్పారు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? తగిన కారణం లేకుండా భర్తతో ఉండనంటే భరణం రాదని పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్‌లో ఉంది. ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహితలో 144గా మారింది. పెద్దమనుషులు అందులోంచి 'తగిన కారణం లేకుండా' అన్నది తీసేసి మిగతాది ఊరంతా పంచారు. తన్నులు తగిన కారణం కాకపోతే మరేది కారణం?

ఆమె పుట్టింటికి చేరిన వారానికే 'కాపురానికి రా' అంటూ లాయరు నోటీసొకటి దిగుతుంది. ఇంటిల్లిపాదీ వణికిపోతారు. హిందూ వివాహ చట్టంలో, అలా కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇచ్చే వెసులుబాటు కల్పించే 9వ సెక్షన్‌ను 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. అయినా ఆ డిక్రీ చేతబట్టుకుని పోలీసులొచ్చి ఆమెను లాక్కెళ్లరు. డిక్రీ ఉన్నా, వెళ్లకపోవడానికి సరైన కారణముంటే భరణం ఆగదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి నోటీసుకు కంగారుపడి మూట సర్దడం మానేసి, లాయరుతో జవాబు రాయించండి.

చిల్లర అపోహలూ తక్కువేం కాదు. అత్తారి ఊళ్లోనే కేసు వేయాలంటారు: అక్కర్లేదు, ఆమె ఇప్పుడు తలదాచుకున్న చోటే వేయవచ్చు. ఒంటి మీద గాయం లేకపోతే హింస కాదంటారు: తిట్లూ, జీతం లాక్కోవడమూ హింసే. కేసు పెట్టగానే అల్లుణ్ని లోపలేస్తారంటారు: గృహహింస దరఖాస్తుతో అరెస్టులుండవు, భార్యపై క్రూరత్వానికి పెట్టే పాత 498ఎ కేసుల్లోనూ యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లోనే అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. లాయరు ఫీజుకు డబ్బుల్లేవంటారు: ఆదాయంతో పనిలేకుండా ఏ మహిళకైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100.

'కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది' అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. మొదటి విచారణ మూడు రోజుల్లో, తేల్చడం అరవై రోజుల్లో అని గృహహింస చట్టం ఆశపడింది. వాయిదాల పుస్తకం చూసినవాళ్లు ఆ మాటకు నవ్వుకుంటారు. అందుకే తుది తీర్పు కోసం కూర్చోకుండా, దరఖాస్తుతో పాటే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగమని లాయరుకు గట్టిగా చెప్పాలి. భరణం, రక్షణ, పిల్లల కస్టడీ అన్నీ అందులో అడగవచ్చు. వచ్చిన రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది వరకు జైలు గానీ, ఇరవై వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

అండగా నిలబడాలనుకునేవాళ్లు ముందు ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. గాయం ఎలా అయిందో ఉన్నదున్నట్టు రాయించండి, 'బాత్‌రూంలో జారిపడింది' అని పరువు కాపాడకండి. వాట్సాప్ మెసేజీలు చెరపనివ్వకండి. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కు దొరికితే తెచ్చుకోవాలి. బంగారం బీరువాలో ఉండిపోయిందని ఆగిపోవద్దు, స్త్రీధనం తిరిగిప్పించే అధికారం మేజిస్ట్రేటుకుంది. ఎటు వెళ్లాలో తోచకపోతే 181కి ఫోన్ చేస్తే బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ఆమె తరఫున మీరైనా గృహహింస చట్టం కింద ఉండే రక్షణాధికారికి సమాచారమివ్వవచ్చు, సదుద్దేశంతో చెప్పినందుకు మీ మీద కేసు ఉండదు. ఇక పంచాయితీలో 'ఇకపై కేసులు పెట్టను' అని తెల్లకాగితం ముందు పెడితే, ఉచిత లాయరుకు చూపించేదాకా ఆమెను సంతకం చేయనివ్వకండి.