పడవ ట్రైలర్‌పై చెక్క పలకల మార్పిడి: ధర్మసాగర్ వంటి తాగునీటి జలాశయాల్లో పాటించవలసిన మెలకువలు

హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ జలాశయం సాగునీటికి, తాగునీటికి, చేపల వేటకు ఆధారంగా ఉంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో భాగంగా గంగారం వద్ద ఎత్తిన గోదావరి నీరు భీమ్‌ఘన్‌పూర్ మీదుగా ఇక్కడికి చేరుతుంది. వరంగల్ నగరానికి తాగునీరు అందించే వనరుల్లో ఇది ముఖ్యమైనది. ఎత్తిపోతలను, విడుదలను బట్టి నీటిమట్టం మారుతుంది కనుక ఇటువంటి జలాశయాల్లో పడవ దిగే చోటు కూడా మారుతూ ఉంటుంది. పడవను నీటి అంచు వరకు చేర్చడానికి, మరమ్మతుకు లేదా మరో చెరువుకు తరలించడానికి ట్రైలర్ ఉపయోగపడుతుంది. ట్రైలర్‌పై పడవ బరువంతా ఆనేది రెండు చెక్క పలకల మీదనే. అవి పాడైతే ముందుగా నష్టపోయేది పడవ. వాటిని మార్చేటప్పుడు ఎంచుకునే చెక్క తగనిదైతే నష్టం నీటికి కూడా కలుగుతుంది.

పలకలు ఎందుకు పుచ్చిపోతాయి?

చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు తేమ, గాలి రెండూ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అవి పెరగలేవు. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న చెక్కలో గాలి చాలదు కనుక అక్కడ కూడా కుళ్లు అంత త్వరగా పట్టదు. ట్రైలర్ పలక ఈ రెండు స్థితుల మధ్య ఉంటుంది. మునిగి, బయటకు వచ్చి, పైన పరచిన గోనె లేదా కార్పెట్ కింద రోజుల తరబడి చెమ్మగా ఉండిపోతుంది. నీరు చెక్క పక్కల నుంచి కంటే కోసిన కొనల నుంచి, బోల్టు రంధ్రాల నుంచి ఎంతో వేగంగా లోపలికి చేరుతుంది. అందువల్ల కుళ్లు సాధారణంగా ఆ చోట్లనే మొదలవుతుంది.

మెత్తబడిన పలక ఒకచోట కుంగితే ఆ బరువు మరోచోట, తరచుగా బోల్టు తలపై లేదా ఇనుప బ్రాకెట్‌పై పడుతుంది. ఫైబరు పడవ అడుగుభాగం విస్తారంగా పరచుకున్న బరువును తట్టుకుంటుంది. ఒక్క బిందువుపై పడే ఒత్తిడికి మాత్రం దాని పైపూత పగులుతుంది. ఆ పగులులోంచి నీరు చేరితే పొరలు విడిపోతాయి. పలక వెల పడవ వెలతో పోలిస్తే స్వల్పమే అయినా, దాని నిర్లక్ష్యం పడవ ఆయుష్షునే తగ్గిస్తుంది.

పరీక్షించే విధానం

కార్పెట్ తొలగించి, పలక కొనల వద్ద, బోల్టుల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగినా, చెక్క పీచుగా లేవక ముక్కలుగా విరిగినా ఆ పలక పనికిరాదు. సుత్తితో తట్టినప్పుడు గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చిన చెక్క బోలుగా పలుకుతుంది. ఒక పలక పాడైతే రెండింటినీ మార్చడం మేలు. అప్పుడే ఎత్తు, గట్టిదనం సమానంగా ఉంటాయి.

చెక్క ఎంపిక

సాధారణంగా 2 అంగుళాల మందం, 4 నుంచి 6 అంగుళాల వెడల్పు గల పలకలు చిన్న పడవలకు సరిపోతాయి. టేకు చేవ శిలీంధ్రాలను, చెదలను సహజంగానే బాగా తట్టుకుంటుంది. నల్లమద్ది చేవ కూడా గట్టిది, కాని టేకు అంత మన్నిక ఉండదు. ఏ జాతి అయినా మన్నిక చేవలోనే ఉంటుంది. టేకు చెట్టుదైనా తెల్లచెక్క త్వరగా పుచ్చుతుంది. చవకగా దొరికే మామిడి చెక్క ఈ పనికి తగదు. కోత మిల్లులో పచ్చిచెక్క కొన్నట్లయితే నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టిన తరువాతే బిగించాలి.

రసాయన శుద్ధి చేసిన చెక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన ప్రసిద్ధ చెక్క సంరక్షకాన్ని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం రూపొందించారు. ఇందులో రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ చెదలను అరికడతాయి. క్రోమియం వాటిని చెక్కలో నిలుపుతుంది. స్తంభాలకు, గని దూలాలకు ఇది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అయితే ఆర్సెనిక్ కొద్దికొద్దిగా బయటకు వస్తుందన్న ఆందోళనతో అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల అవసరాలకు దీని తయారీ నిలిపివేశారు. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు. కరిగిన రాగి స్వల్ప మోతాదులో కూడా చేపలకు హానికరం. రెండు పలకల నుంచి వచ్చే మోతాదు పెద్ద జలాశయంలో స్వల్పమే కావచ్చు; కాని సహజ మన్నిక గల చేవ లభిస్తున్నప్పుడు తాగునీటిలో పదేపదే మునిగే వస్తువుకు ఆ చెక్క వాడవలసిన అవసరం లేదు. బోరాన్ లవణాలతో శుద్ధి చేసిన చెక్క కూడా ఈ పనికి సరిపడదు. ఆ లవణాలు నీటిలో కరిగిపోతాయి.

మార్చే క్రమం

పడవను నీటిలో వదిలి, ఖాళీ ట్రైలర్‌ను ఒడ్డుకు లాగి పని చేయడం సురక్షితం. రెండు పలకలనూ ఒకేసారి విప్పకూడదు. ఒకదాన్ని విప్పి, దాని కొలతతోనే కొత్త పలక కోసి, రంధ్రాలు గుర్తించి బిగించిన తరువాత రెండోదానికి వెళ్లాలి. అప్పుడు ఎత్తు, వాలు మారవు. పలక వెనుక కొన పడవ వెనుక గోడ కిందికి తప్పక చేరాలి. అంతకు ముందే ఆగిపోతే ఇంజను బరువుకు పడవ అడుగు క్రమంగా వంగుతుంది.

అంచులను చిత్రిక పట్టి గుండ్రంగా చేయాలి. కోసిన కొనలకు, రంధ్రాల లోపలికి ఎపాక్సీ లేదా నూనె రంగు రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. బోల్టులు వేడి జింకు పూత గలవి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలి. బోల్టు తల పలక ఉపరితలం కంటే లోపలికి దిగాలి. గోనె నీటిని పట్టి ఉంచుతుంది కనుక దానికి బదులు సింథటిక్ కార్పెట్ వాడాలి. దాన్ని పైభాగానికి, పక్కలకే బిగించి, అడుగుభాగం ఆరడానికి తెరిచి ఉంచాలి.

చివరగా పలకలపై సుద్ద రాసి పడవను ఎక్కించి దింపాలి. పడవ అడుగున సుద్ద గుర్తు పొడవునా సమంగా పడితే బరువు సమంగా పంచుకున్నట్లు. అక్కడక్కడ మచ్చలుగా పడితే బ్రాకెట్లు సరిచేయాలి.

పాత పలకలు, చెరువుల మధ్య శుభ్రత

రసాయన శుద్ధి చేసిన పాత పలకలను పొయ్యిలో పెట్టరాదు. ఆర్సెనిక్ పొగలో, బూడిదలో నిలుస్తుంది; ఆ బూడిద పొలానికీ పనికిరాదు. ఏ చెక్కో తెలియనప్పుడు శుద్ధి చేసినదిగానే భావించాలి. కోత పొడిని నీటి ఒడ్డున వదలకుండా సేకరించాలి. తడి కార్పెట్‌లో చిక్కిన చిన్న గుర్రపు డెక్క మొక్క మరో చెరువులో వ్యాపించగలదు. అందువల్ల ట్రైలర్‌ను ఒక నీటి వనరు నుంచి మరొకదానికి తీసుకువెళ్లే ముందు కడిగి, ఎండబెట్టాలి.

విస్తరణ సిబ్బంది ఎండాకాలంలో మత్స్య సహకార సంఘాల సమావేశాల్లో స్క్రూడ్రైవర్ పరీక్షను ఒక ట్రైలర్‌పై ప్రత్యక్షంగా చూపితే, పలకలు కొని ఆరబెట్టుకోవడానికి తొలకరిలోపు సమయం దొరుకుతుంది. చెక్కను సూచించేటప్పుడు ధర, మన్నికలతో పాటు అది మునిగే నీరు ఎవరి కుండలోకి చేరుతుందో కూడా చెప్పాలి.