ఆయాసమునకు అంకెలు

దీర్ఘకాల శ్వాసకోశరోగి గొట్టములోనికి బలముగా ఊదగా, మొదటి సెకనులో వెలువడిన గాలి యెంతయో స్పైరోమీటరు చెప్పగలదు గాని, అదే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకడు మేడమెట్లెక్కుచుండగా వేరొకడు చొక్కా తొడుగుకొనుటకే ఆయాసపడి మంచముపై కూలబడుట యేలనో చెప్పజాలదు. ఈ లోపమును పూరింపనెంచి లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రికి చెందిన పాల్ జోన్స్, సహచరులతో కూడి, 1992లో 50 అంశముల ప్రశ్నావళిని ప్రకటించెను. దగ్గు, కఫము, పిల్లికూతలే కాక, స్నానమునకు పట్టు కాలము, నలుగురిలో దగ్గు తెర వచ్చినపుడు కలుగు సిగ్గు సైతము అందు ప్రశ్నలే. సిగ్గును వైద్యశాస్త్రము లెక్కలోనికి తెచ్చుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. మొత్తము 0 నుండి 100 వరకు. అంకె పెరిగినకొలది బాధ యధికము. చికిత్సచే 4 పాయింట్లు తగ్గినచో రోగికే తెలియునంతటి మేలు కలిగినదని యెంచుదురు. ఇదే రోగుల కొరకు 2009లో వెలువడిన ‘క్యాట్’ అను పొట్టి ప్రశ్నావళిలో ప్రశ్నలు ఎనిమిదే. వైద్యుని పిలుపు వచ్చులోపల రోగి దానిని నింపివేయవచ్చును.